దుబాయ్ ఇడిసి హాలియాకు వచ్చెయ్యాల్నా? వాపస్ వచ్చినోళ్లు చెప్పుండ్రి
11 ఏండ్ల సంది దుబాయ్‌ల ఏసీ మెకానిక్‌ని, మాది నల్గొండ జిల్లా హాలియా దిక్కు, 3 ఎకరాల బత్తాయి తోట, నాయినకు మోకాళ్లు పోయి బాయికాడికి పోతలేడు. తోట కౌలుకిచ్చి చూసినం, కౌలుకు తీసుకున్నాయన నీళ్లు సరిగ పెట్టక కొమ్మలు ఎండినయ్. పోయిన ఎండకాలం 2 నెలల లీవుల నల్గొండల ఏసీ రిపేర్లు చేసి చూసిన, మే నెలల రోజుకు నాలుగైదు కాల్స్, మిర్గం చినుకులు పడ్డంక వారమంత కలిపి రెండే, అవి గూడ గ్యాస్ లీకులే. జీతం లేని లీవు అడిగితే మేనేజర్ ఒప్పుకోలే, 6 నెలలు దాటి బయటుంటే వీసా గూడ పోతది. గ్రాట్యుటీ (పని ఇడిసిపోయేటప్పుడు కంపెనీ ఇచ్చే పైసలు) లెక్కేసిన, మొదటి 5 ఏండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, తర్వాత 30 రోజులది, బోరు అప్పు తీరితే మిగిలేది కొంచెమే. నాయిననడిగితే "నీ ఇష్టం బిడ్డా" అని ఫోన్ పెట్టేస్తడు. గల్ఫ్ నుంచి వాపస్ వచ్చి ఇట్ల సీజన్ పని, తోట రెండూ చేసుకునేటోళ్లు, ఎన్ని నెలల ఇంటిఖర్చు చేతిల పెట్టుకొని దిగిండ్రు?