అప్‌డేట్: నాన్న ట్రయల్‌లో చేరారు

పోయిన నెల ఇక్కడ అడిగాను: మా నాన్నకు పదిహేనేళ్లుగా షుగర్, చూపించుకునే పెద్ద బోధనాసుపత్రిలో ఒక మందు పరిశోధనలో చేరతారా అన్నారు, సంతకం పెట్టాలా వద్దా అని. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

మీరు చెప్పినట్టే ముందు సమాచార పత్రం తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకున్నాం. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని, పెన్సిల్‌తో గీతలు కొట్టుకుంటూ రెండు రోజులు చదివారు. నేను సీటీఆర్‌ఐ (మన దేశంలో జరిగే మందుల ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఈ ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ వెతికితే వివరాలన్నీ కనిపించాయి. 2009 జూన్ నుంచి ఈ నమోదు తప్పనిసరట, నాకు అస్సలు తెలీదు.

మళ్లీ వెళ్లినప్పుడు నాన్నే నేరుగా అడిగారు: "మధ్యలో మానేస్తే ఇక్కడ వైద్యం ఆపేస్తారా డాక్టరుగారూ?" ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎప్పుడైనా మానేయొచ్చు, మామూలు వైద్యానికి ఏ ఇబ్బందీ ఉండదు అని నిదానంగా చెప్పారు. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని మందుల ట్రయల్స్‌పై కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లోనే ఉంది. ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) ఫోన్ నంబర్ కూడా పత్రంలోనే ఉంది.

నా టెన్షన్ అంతా ఒక్కదాని మీదే. నాన్నకు వచ్చేది కొత్త మందో, ఉత్తుత్తి మాత్రో మాకే కాదు, డాక్టర్లకూ తెలీదు. ఇప్పుడు వాడే షుగర్ మందులు మాత్రం ఆపరని రాసి ఉంది కాబట్టి ఒప్పుకున్నాను.

సోమవారం సంతకం చేశారు. ఒక కాపీ మాకిచ్చారు, బీరువాలో పెట్టాను.