న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లలో హైపాక్సియా పెట్: కాలేయంలోని గడ్డలను ఎలా చదవాలి?

ఐసోటోప్: ప్యాంక్రియాస్ నెట్ (న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, హార్మోన్లు విడుదల చేసే కణాల్లో పుట్టే గడ్డ), గ్రేడ్ 2, కాలేయానికి పాకింది. ల్యుటీషియం-177 (రేడియోధార్మిక మందు) చికిత్సకు ముందు ఎఫ్‌మిసో (హైపాక్సియాను, అంటే కణజాలంలో ఆక్సిజన్ కొరతను చూపే రేడియోధార్మిక ట్రేసర్) పెట్ స్కాన్ చేస్తే, రెండు గంటల స్కాన్‌లో కాలేయమంతా వెలుగుతోంది, గడ్డలు విడిగా కనపడటం లేదు. హైపాక్సియా లేదని రిపోర్టు రాయొచ్చా?

గామాకిరణం: రాయొద్దండి. ఎఫ్‌మిసోకు కొవ్వులో కరిగే గుణం ఎక్కువ. రక్తాన్ని వదలడం నెమ్మది, పైగా చాలావరకు కాలేయం, పేగుల దారిలోనే పోతుంది. 4 గంటలకు తీస్తే రక్తంలో ట్రేసర్ కాస్త తగ్గుతుంది. కానీ అందులోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే, అప్పటికి మిగిలేది 22 శాతం. ఒక్కో బెడ్ స్థానానికి 15–20 నిమిషాలు ఇవ్వాలి, శ్వాసకు గేటింగ్ (ఊపిరి కదలిక దశలవారీగా డేటాను విడదీయడం) పెట్టాలి. లేదంటే డయాఫ్రమ్ కింది చిన్న గడ్డలు చెదిరిపోతాయి. ఫాజా అనే మరో హైపాక్సియా ట్రేసర్ నీటిలో బాగా కరుగుతుంది, కిడ్నీ దారిన పోతుంది. కొంత నయమే గానీ కాలేయం పూర్తిగా ఖాళీ కాదు.

వోక్సెల్: డోసు సాధారణంగా కిలోకు 3.7 మెగాబెకరెల్. ట్యూమర్-రక్తం నిష్పత్తి (గడ్డలో, రక్తంలో ట్రేసర్ మోతాదుల నిష్పత్తి) 1.2 దాటితే హైపాక్సియా అంటారు గానీ, ఆ గీతను కాలేయానికి తేవద్దు. మామూలు కాలేయమే రక్తం కంటే ఎక్కువ వెలుగుతుంది. రక్తం విలువకు సిర నమూనాను వెల్ కౌంటర్‌లో (నమూనాలోని రేడియోధార్మికతను కొలిచే పరికరం) కొలవండి, ఆ కౌంటర్‌కు స్కానర్‌తో క్రాస్ క్యాలిబ్రేషన్ (రెండింటి కొలతలు సరిపోల్చడం) తప్పనిసరి. డోటాటేట్ (నెట్ కణాలను పట్టి చూపే ట్రేసర్) పెట్ వేరే రోజున తీసి దాని మీద గడ్డల హద్దులు గీయండి.

ఐసోటోప్: బయాప్సీలో హిఫ్ (ఆక్సిజన్ తగ్గితే కణంలో పేరుకునే ప్రోటీన్) పాజిటివ్ వచ్చింది. మరి పెట్ ఎందుకు ఖాళీ?

గామాకిరణం: రెండూ ఒకటే కొలవవు. వీహెచ్‌ఎల్, ఎస్‌డీహెచ్ జన్యువులు దెబ్బతింటే ఆక్సిజన్ ఉన్నా హిఫ్ పేరుకుంటుంది, అది సూడోహైపాక్సియా. పారాగాంగ్లియోమాల్లో (నరాల ముడుల దగ్గర పుట్టే గడ్డలు) ఇది పదేపదే ఎదురవుతుంది. నైట్రోఇమిడజోల్ (ఎఫ్‌మిసో, ఫాజా ఈ జాతివే) మాత్రం ఆక్సిజన్ పీడనం సుమారు 10 ఎంఎంహెచ్‌జీ కిందికి పడిన బతికున్న కణంలోనే చిక్కుకుంటుంది. నెక్రోసిస్ అయిన (కణాలు చచ్చిన) చోట బతికున్న కణమే లేదు, సిగ్నలూ రాదు. అందుకే ఆర్టీరియల్ ఫేజ్ సీటీ (కాంట్రాస్ట్ ధమనుల్లో ఉన్నప్పుడు తీసేది) పక్కన పెట్టుకుని చూడండి.

వోక్సెల్: ఇంకోటి: రక్తనాళానికి 100–200 మైక్రాన్ల దూరంలోనే హైపాక్సియా మొదలవుతుంది, స్కానర్‌కు తెలిసేది 4–6 మిల్లీమీటర్లు. నెట్‌లలో నాళాలు దట్టం కాబట్టి చిన్న పాకెట్లు సగటులో కలిసిపోతాయి. రిపోర్టులో "కాలేయంలో అంచనా వేయలేం" అనే రాయండి, కాలేయం బయటి నోడ్లు, ఎముకల విలువలు విడిగా ఇవ్వండి.

ఐసోటోప్: కాపర్-64 ఏటీఎస్ఎం (రాగితో చేసిన హైపాక్సియా ట్రేసర్) వాడితే?

గామాకిరణం: కాలేయానికైతే వద్దు. రాగి చేరే చోటే అది.