ఒక్క కోర్ మీదే నయం, 16 కోర్ల మీద నత్తనడక. ఎందుకు?

ప్రశ్న:
పెట్‌ఎస్‌సీతో (భారీ సమీకరణాలను చాలా ప్రాసెస్‌ల మీద సాల్వ్ చేసే లైబ్రరీ) పాయిసన్ సమీకరణం (ఒక రకం పాక్షిక అవకలన సమీకరణం) సాల్వ్ చేస్తున్నాను. 200 × 200 × 200 గ్రిడ్, అంటే 80 లక్షల తెలియని విలువలు. కాంజుగేట్ గ్రేడియంట్ (జవాబును అడుగడుగునా మెరుగుపరిచే పద్ధతి) పెట్టాను, ఆ అడుగులను తగ్గించే ప్రీకండిషనర్ జోలికి పోలేదు. ఒక్క ప్రాసెస్‌తో 190 ఇటరేషన్లు (అడుగులు). 16 పెడితే 260, పైగా టైమ్ రెట్టింపు! కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. సోమవారం మా గైడ్ గారికి గ్రాఫ్ చూపించాలి, ఒకటే టెన్షన్.

జవాబు:
ఇటరేషన్లు పెరగడం బగ్ కాదండి. మనం ఏమీ చెప్పకపోతే పెట్‌ఎస్‌సీ తనే ప్రీకండిషనర్ ఎంచుకుంటుంది: ఒక్క ప్రాసెస్‌కి మామూలుగా ఐఎల్‌యూ (మాట్రిక్స్‌ను ఉజ్జాయింపుగా రెండు త్రిభుజ మాట్రిక్స్‌లుగా విడగొట్టడం), ప్రాసెస్‌లు ఎక్కువైతే బ్లాక్ జాకోబీ. అంటే ప్రతి ప్రాసెస్ తన ముక్క వరకే ఐఎల్‌యూ చేసుకుని, పక్క ముక్కతో ఉన్న లంకెను వదిలేస్తుంది. పాయిసన్‌కి మల్టీగ్రిడ్ (చిన్నా పెద్దా గ్రిడ్లు కలిపి సాల్వ్ చేసే పద్ధతి) ఉండగా ఈ తిప్పలెందుకు? పెట్‌ఎస్‌సీలోని మల్టీగ్రిడ్ ప్రీకండిషనర్ గ్యామ్గ్ పెట్టండి. టైమ్ సంగతి వేరే ఏదో. టాప్ కమాండ్‌లో లోడ్ యావరేజ్ (సగటున ఎన్ని పనులు ఒకేసారి కోర్ల కోసం పోటీ పడుతున్నాయో) ఎంతుంది?

అడిగినవారు:
గ్యామ్గ్‌తో ఇటరేషన్లు 17కి దిగాయి! లోడ్ మాత్రం 250 దగ్గరుంది. మెషీన్‌లో ఉన్నవి 16 కోర్లే.

ఇంకొకరు:
దొంగ దొరికాడు. 16 ప్రాసెస్‌లు, ఒక్కోదాంట్లో ఓపెన్‌బ్లాస్ (వెక్టర్, మాట్రిక్స్ లెక్కల లైబ్రరీ) లేపిన 16 త్రెడ్లు. లెక్క 256. త్రెడ్ల సంఖ్యను నిర్ణయించే ఓఎంపీ నమ్ త్రెడ్స్ (OMP_NUM_THREADS) ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి నడపండి. నేనూ ఓసారి ఇలాగే వారం పోగొట్టుకున్నా. అయినా 16 రెట్లు ఆశించకండి, స్పార్స్ మాట్రిక్స్ (ఎక్కువ భాగం సున్నాలే ఉన్నది) పనికి మెమరీ బ్యాండ్‌విడ్తే (మెమరీ నుంచి డేటా అందే వేగం) అడ్డు. పెట్‌ఎస్‌సీ ఫోల్డర్‌లో మేక్ స్ట్రీమ్స్ (make streams) కమాండ్ కొడితే ఆ విషయంలో మీ మెషీన్ సత్తా తెలుస్తుంది.

అడిగినవారు:
ఇప్పుడు 6 రెట్లు వేగం. స్ట్రీమ్స్ కూడా ఇంచుమించు అంతే చూపిస్తోంది. థాంక్సండీ, ఆదివారం నిద్రపోవచ్చు.