‘రీకన్సిలియేషన్’కి తెలుగులో ఏమందాం?

ప్రశ్న: కెనడాలో మేముండే ఊళ్లో మూలవాసి కుర్రాళ్లు, అమ్మాయిలు కలిసి ఒక గోడ మీద పెద్ద బొమ్మ వేస్తున్నారు. నారింజ చొక్కాలు, చిన్న పిల్లల బూట్లు. అంశం ‘రీకన్సిలియేషన్’. తెలుగు సంఘం పత్రికలో రాయాలి. ‘రాజీ’ అనొచ్చా అండీ?

జవాబు: వద్దండీ. రాజీ లోక్ అదాలత్ మాట. చెరి కాస్త తగ్గితే కేసు ముగుస్తుంది. ఇక్కడ మూలవాసులు తగ్గాల్సిందేముంది? సుమారు లక్షన్నర మంది పిల్లల్ని ఇళ్లకు దూరం చేసి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ నారింజ చొక్కా కథా అదే. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల మూలవాసి పాపకి అమ్మమ్మ కొనిచ్చిన కొత్త చొక్కాని బడికెళ్లిన మొదటి రోజే తీసేసుకున్నారు.

ఇంకొకరు: పేపర్లలో ‘సయోధ్య’ అంటారుగా?

జవాబు: అంటారు. కానీ సయోధ్య ‘కుదురుతుంది’, అలిగిన ఇద్దరు నాయకులకి కుదిరినట్టు. అంతకుముందు వాళ్లు బాగానే ఉండేవారని అర్థం వచ్చేస్తుంది. అసలు అలాంటి మంచి రోజులే లేవని చాలామంది మూలవాసులు అంటారని ఆ బళ్ల మీద విచారణ జరిపి 2015లో ముగిసిన ‘ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్’ కమిషన్ తన నివేదికలోనే రాసింది.

వేరొకరు: బైబిల్లో ‘దేవునితో సమాధానపడుడి’ అని ఉంది. చక్కని మాట కదా?

జవాబు: చక్కనిదే. అయితే ఆ బళ్లలో చాలావాటిని నడిపింది చర్చిలే. ఆ గోడ పక్కన ఆ మాట నాకైతే ఇబ్బందిగా ఉంటుంది. అంతకన్నా ప్రమాదం ‘కలిసిపోవడం’. మనవాళ్లు ఆదివాసుల గురించి ‘జనజీవన స్రవంతిలో కలపాలి’ అని అలవోకగా రాసేస్తారు చూడండి, ఆ బళ్లు పెట్టిందే అందుకు!

నా ఓటు ‘సఖ్యత’కి. సఖ్యం చాలు, ‘త’ దండగ అంటారు పండితులు, అననివ్వండి. ఒక్కటే రాయకండి, ‘సత్యం, సఖ్యత’ అని జంటగా రాయండి. కమిషన్ పేరులోనూ, ఆ పిల్లల్ని తలుచుకునే సెప్టెంబర్ 30 సెలవు పేరులోనూ సత్యమే ముందుంది.

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ, అదే పెడతాను. మరి మ్యూరల్‌కి కుడ్యచిత్రమేనా?

జవాబు: గోడబొమ్మ అనండి, పిల్లలకీ అర్థమవుతుంది. ‘రెడ్ ఇండియన్లు’ మాత్రం ఎక్కడా రానివ్వకండి. వేసినవాళ్లు క్రీ వాళ్లో, అనిషినాబే వాళ్లో, మేటీలో వాళ్లనే అడిగి ఆ పేరే రాయండి.