అప్‌డేట్: వీల్ ట్రిమ్ రింగులు ఇక ఊడటం లేదు

పాత కారు స్టీల్ చక్రాలకు పెట్టిన క్రోమ్ ట్రిమ్ రింగులు (చక్రం అంచు చుట్టూ అందానికి బిగించే మెరిసే వలయాలు) మలుపుల్లో ఊడిపోతున్నాయని, ఒకటి జరిగి ట్యూబ్ వాల్వ్‌ను కోసేస్తోందని మొన్న అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ మనసారా ధన్యవాదాలు.

లోపం ఒక్క రింగుల్లోనే లేదు. నాలుగు రింగులూ తీసి చూస్తే, వెనుక ఉండే స్ప్రింగ్ క్లిప్పులు చాలా వరకు లోపలికి వంగిపోయి ఉన్నాయి. పైగా రిమ్‌కి కొత్తగా వేయించిన పెయింట్ మందంగా, నున్నగా ఉంది. క్లిప్పు అంచుకు పట్టు దొరకడమే లేదు. ఇంకో సంగతి: బ్యాలెన్సింగ్ కోసం (చక్రం అదరకుండా తిరగడానికి) రిమ్ అంచుకు తగిలించిన బరువుల మీద రింగు ఎత్తుగా కూర్చుంటోంది. ఇది నాకు తట్టనే లేదు, చెప్పినవారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను.

బరువులు తీయించి, రిమ్ లోపలి వైపు అంటించే రకం పెట్టించాను. క్లిప్పులు కూర్చునే చోట పెయింట్ పొర పలచబడేలా గీకాను. తరువాత ప్లయర్‌తో ఒక్కో క్లిప్పునూ బయటికి కొద్దిగా, అన్నిటినీ సమానంగా వంచాను. ఎక్కువ వంచితే విరుగుతాయి, ఓపిక కావాలి.

బిగించేటప్పుడు ముందు వాల్వ్ రంధ్రం సరిచూసుకుని, అక్కడి నుంచి మొదలుపెట్టి రబ్బరు సుత్తితో ఎదురెదురుగా తట్టుకుంటూ వెళ్లాను. రింగు, రిమ్ మీద చాక్‌పీసుతో ఒకే గీత గీశాను. చాలా దూరం తిరిగాక చూస్తే గీత కదలలేదు!