పాత ఎంఎం540: వేడెక్కాక ఆయిల్ లైటు మిణుకుమంటోంది. 15డబ్ల్యూ-40 పోయాలా, 20డబ్ల్యూ-50 పోయాలా?

తోటబాట (తిరుపతి)

అన్నలకు నమస్కారం. బండి 1994 మోడల్ మహీంద్రా ఎంఎం540. ఇంజను మార్చలేదు, మొదట వచ్చిన ఎక్స్‌డీపీ 4.90 డీజిలే, 2112 సీసీ. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ ఎక్కి మామిడి తోటకు వారానికి మూడు నాలుగు ట్రిప్పులు. చివరి 4 కిలోమీటర్లు గుండ్రాళ్ల బాట, మధ్యలో ఒక వంక. అక్కడంతా ఫోర్ వీల్ వేసి లో గేరులోనే పోవాలి.

పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు రెండు సెకన్లలో ఆరిపోతుంది. తోట చేరాక ఐడ్లింగ్‌లో పెడితే మిణుకు మిణుకుమంటుంది. కొంచెం రేస్ చేస్తే ఆరుతుంది. ఇంజను శబ్దంలో తేడా లేదు. ఇప్పుడున్నది 20డబ్ల్యూ-40, పోసి ఏడు నెలలైంది. క్లచ్ హౌసింగ్ కింద చుక్కలు పడతాయి, అది పాత లీకే. ఇంతకుముందు నెలకు అర లీటరు పైపోత పోయాల్సి వచ్చేది. ఈ రెండు నెలలుగా డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గలేదు, పోయలేదు.

షెడ్డులో 20డబ్ల్యూ-50 పోయమంటున్నారు. ఆయిల్ షాపులో 15డబ్ల్యూ-40 చాలంటున్నారు. ఒట్టి 40 నంబరు (డబ్ల్యూ అంకె లేనిది) పోస్తే లీకు కూడా తగ్గుతుందని ఇంకొకరి మాట. ఎండలు ముదరకముందే తేల్చుకోవాలి.

గ్రేడు లెక్క (చిత్తూరు)

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు, సెల్ఫ్ కొట్టినప్పుడు క్రాంక్‌ను ఎంత బిగబట్టుతుందో చూడటానికి. హార్స్‌లీ హిల్స్ మీద జనవరి తెల్లవారుజాము కూడా ఆ చలి దరిదాపుల్లోకి పోదు. కాబట్టి మనకు ఆ అంకె కోసం కొట్లాడుకునే పని లేదు.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. 40 గ్రేడు అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. మీ 20డబ్ల్యూ-40 తీసేసి 15డబ్ల్యూ-40 పోస్తే వేడి ఇంజనులో చిక్కదనం దాదాపు అంతే ఉంటుంది. గ్రేడు మారినందువల్ల లైటు ఆగదు, ఎక్కువా కాదు.

50 పోస్తే తేడా వస్తుంది, నిజమే. మామూలుగా దొరికే 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర 14, 14.5 ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే 18 పైన. కానీ 40 డిగ్రీల దగ్గర కూడా చూడండి. మే నెలలో తిరుపతి మధ్యాహ్నం అంటే అదే కదా, నిలిపి ఉంచిన బండి చాంబర్‌లో (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఆయిల్ కూడా అంత వేడిలోనే ఉంటుంది. అక్కడ 15డబ్ల్యూ-40 సుమారు 110, 20డబ్ల్యూ-50 సుమారు 160 నుంచి 170. మండుటెండలో సెల్ఫ్ కొట్టినా సరే, ఆయిల్ అప్పటికి వేడి ఇంజనులో ఉండాల్సిన దానికి ఏడెనిమిది రెట్లు చిక్కగానే ఉందన్నమాట. మన దగ్గర ఎండలు ఎక్కువ కాబట్టి చిక్కటి ఆయిల్ కావాలనే లెక్క ఇక్కడే తప్పుతుంది. ఇంజను లోపలి వేడిని తేల్చేది ఎండ కంటే ముందు లోడు, రేడియేటరు. మీ విషయంలో గాలి తగలకుండా లో గేరులో ఎక్కే ఆ చివరి 4 కిలోమీటర్లు.

అవసరానికి మించి చిక్కగా పోస్తే జరిగేది ఇది: స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో ఫిల్టరు పేపరు గుండా అంత ఆయిల్ పోలేక బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది, వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగులకు పోతుంది. పైన వాల్వులను తెరిచే రాకర్ల దాకా ఆయిల్ చేరడం కూడా ఆలస్యమవుతుంది. గేజు మీద ప్రెషర్ బాగా కనబడుతుంది, కానీ ప్రెషర్ వేరు, పారుదల వేరు. బేరింగుకు కావాల్సింది పారుదల.

ఒట్టి 40 వద్దు. షాపుల్లో అలా దొరికేవి ఎక్కువగా సీఎఫ్ లాంటి పాత ప్రమాణానివి, మసిని పట్టి ఉంచే శక్తి తక్కువ. డబ్బా వెనక ఏపీఐ (ఆయిల్ ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ) ముద్రలో సీఐ-4 అని ఉంటే మీ ఇంజనుకు చాలు, అది 2002లో వచ్చిన ప్రమాణం. 2016లో వచ్చిన సీకే-4 అయినా ఇబ్బంది లేదు. సీకే-4 లాంటి బీఎస్-6 బండ్ల ఆయిల్ పాత ఇంజనుకు పడదంటారు. మీ ఇంజను వచ్చిన రోజుల డీజిల్‌లో గంధకం ఎక్కువ, ఆ ఆమ్లాన్ని తట్టుకునే ఆయిల్ కావాల్సి వచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో గంధకం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది) మించని డీజిలే కాబట్టి ఆ భయం లేదు. సీకే-4 తోపాటే వచ్చిన ఎఫ్ఏ-4 మాత్రం తీసుకోవద్దు. అది పలచటి 30 గ్రేడు, కొత్త ఇంజన్ల కోసం చేసింది.

షెడ్డు మాట (రేణిగుంట)

పై లెక్కంతా సరే. కానీ తోటబాట గారు రాసినదాంట్లో అసలు సంగతి ఒక్క వాక్యంలో ఉంది. లీకు అలాగే ఉంది, మట్టం మాత్రం రెండు నెలలుగా తగ్గలేదు. చుక్కలు పడుతున్నా తగ్గలేదంటే ఇంకేదో వచ్చి కలుస్తోంది. నీళ్లు కలిస్తే ఆయిల్ పాల టీ రంగుకు తిరుగుతుంది, మీకు కనబడేది. కనబడకుండా కలిసేది డీజిల్. 5 శాతం కలిసినా 40 గ్రేడు ఆయిల్ 30 గ్రేడంత పలచబడుతుంది. ఆ స్థితిలో 20డబ్ల్యూ-50 పోస్తే లైటు ఒక నెల ఆగుతుంది, తర్వాత అదీ పలచబడుతుంది. ఈలోగా బేరింగులు అరుగుతాయి.

ఆయిల్ కొనకముందే ఇవి చూడండి.

ఇంజను వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. రెండు వేళ్ల మధ్య రుద్దితే మంచి ఆయిల్ జారుతూ సన్నటి తీగలా సాగుతుంది, డీజిల్ కలిసింది నీళ్లలా తెగిపోతుంది. తర్వాత ఫిల్టరు పేపరు మీద, అది లేకపోతే దళసరి తెల్లకాగితం మీద, ఒక చుక్క వేసి రెండు గంటలు కదపకుండా ఉంచండి. నడుమ నల్లటి మసి, దాని చుట్టూ గోధుమ రంగు ఉండటం మామూలే. దానికీ బయట వెలుతురుకు పెడితే మెరిసే వెలిసిన వలయం ఉందంటే అది డీజిలే.

డీజిల్ వచ్చే దారి ఎక్కువగా ఫీడ్ పంపు, అంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగే పంపు. బ్లాక్ పక్కన బిగించిన డయాఫ్రమ్ (లోపల సాగే పొర) రకం అయితే దాని ఒంటికి కింద చిన్న రంధ్రం ఉంటుంది. డయాఫ్రమ్ చిరిగితే డీజిల్ అందులోంచి బయటికి కారి మనకు తెలియాలని పెట్టిన రంధ్రం అది. పాత బండ్లలో దుమ్మూ గ్రీజూ పట్టి మూసుకుపోతుంది. అప్పుడు డీజిల్ బయటికి పోలేక పంపు లివరు పక్కనుంచి చాంబర్‌లోకి దిగుతుంది. ఒక సన్నటి తీగతో ఆ రంధ్రం పొడిచి, ఇంజను ఐదు నిమిషాలు నడిపి చూడండి. తడి వస్తే డయాఫ్రమ్ పోయినట్టే. ఇంజెక్షన్ పంపుకే బిగించిన ప్లంజరు రకం అయితే దాని స్పిండిల్ సీలు చూడాలి. పంపు బాగుంటే ఇంజెక్టర్లు విప్పి టెస్ట్ బెంచి మీద పెట్టించండి, బొట్లు కారేది ఏదో తేలుతుంది.

ఇంకొకటి, లైటును నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. ప్రెషర్ సుమారు 5, 7 పీఎస్‌ఐకి (ప్రెషర్ కొలత) దిగితేనే ఆ స్విచ్ లైటు వెలిగిస్తుంది, దానికి పైన ఎంతుందో చెప్పలేదు. స్విచ్ విప్పి అదే రంధ్రంలో మెకానికల్ గేజు పెట్టండి. మరలు కలవాలంటే పాత స్విచ్‌నే షాపుకు తీసుకుపోయి చూపించి అడాప్టరు తీసుకోవాలి. ఘాట్ ఎక్కి, లో గేరులో తోటదాకా పోయి, అక్కడ ఐడ్లింగ్‌లో ఒకటి, 2000 ఆర్‌పీఎం దగ్గర ఒకటి రీడింగు రాసుకోండి. వేడిలో ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్‌ఐ ఉంటే పాత ఇంజనుకు తృప్తిపడొచ్చు.

పీలేరు జీపు

షెడ్డు మాట అన్న చెప్పింది ముందు చేసుకోండి. అయితే కొండబాటకు 20డబ్ల్యూ-50 తప్పేమీ కాదని నా వాదన. బేరింగులు కొంత అరిగిన ఇంజను, గంటసేపు లో గేరులో ఉడుకుతా ఉంటే 40 గ్రేడు ఆయిల్ పట్టు వదిలేస్తుంది. మనం మంచులో స్టార్ట్ చేసేది లేదు గదా. మొదటి నిమిషం రేస్ చెయ్యకుండా ఉంటే బైపాస్ వాల్వు సంగతీ అంత పెద్దది కాదు.

గ్రేడు ఏదైనా మట్టం పైగీత దగ్గరే ఉంచుకోవాల. నిట్ట ఎక్కేటప్పుడు ఆయిలంతా చాంబర్‌లో వెనక్కి పోతాది, మట్టం కిందిగీత దగ్గర ఉంటే ఆయిల్ పంపు గాలి పీలుస్తాది. లైటు ఏటవాల్లో మాత్రమే వెలుగుతా ఉంటే కారణం ఇదే. అట్లని గీత దాటిచ్చి పోస్తే క్రాంకు ఆయిల్‌ను చిలికి నురగ చేస్తాది, నురగతో ప్రెషర్ నిలబడదు.

ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటే దాన్నీ చూడండి. ఈ ఎర్రదుమ్ములో గిన్నె అడుగున వేలు పెడితే మెత్తటి బురద తగుల్తాది. ఆ బురద అర అంగుళం పేరినా దుమ్ము ఇంజనులోకి పోయి రింగులు తినేస్తాది. కడిగి గీతదాకా మాత్రమే ఇంజనాయిలే పోయండి. ఎక్కువ పోస్తే ఇంజను దాన్ని పీల్చుకోని, కీ ఆపినా ఆగకుండా రేస్ అయిపోయే ప్రమాదం ఉంది.

తోటబాట (తిరుపతి)

చూశాను. ఆయిల్ డీజిల్ వాసన వస్తోంది, కాగితం మీద బయటి వలయం స్పష్టంగా ఉంది. ఫీడ్ పంపు డయాఫ్రమ్ రకమే. రంధ్రం పొడిస్తే నిమిషంలోనే కారింది. గేజు రీడింగులు: పొద్దున స్టార్టింగులో 48 పీఎస్‌ఐ. తోట దగ్గర ఐడ్లింగ్‌లో 6, 2000 దగ్గర 19. పంపు మారుస్తున్నాను. చాంబర్‌లో డీజిల్ పోసి ఒకసారి కడిగి కొత్త ఆయిల్ పోద్దామంటున్నారు షెడ్డులో. చేయొచ్చా?

షెడ్డు మాట (రేణిగుంట)

చేయొద్దు. డీజిల్‌తోగానీ కిరోసిన్‌తోగానీ కడిగితే ముప్పై ఏళ్ల మడ్డి ఒక్కసారి ఊడి ఆయిల్ పంపు జాలికి అడ్డం పడుతుంది. పైగా ఎంత వంచినా పావు లీటరు లోపలే మిగిలి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. బయటికి తీస్తున్నదే డీజిల్, మళ్లీ పోయడం ఎందుకు?

పంపు మార్చాక ఈ వరుసలో చేయండి. పాత ఆయిల్‌తో బండి దూరం తిప్పొద్దు, ఆయిల్ గోరువెచ్చగా కావడానికి పది నిమిషాలు నడిపితే చాలు. డ్రెయిన్ బోల్టు విప్పి అరగంట వదిలేయండి. రాగి వాషరు కొత్తది వేయండి, పాతది అణిగిపోయి ఉంటుంది, బోల్టు ఎంత బిగించినా చెమ్మ ఆగదు. ఫిల్టరు తప్పకుండా మార్చాలి, అందులోనూ డీజిల్ కలిసిన ఆయిలే ఉంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు ఆయిల్ రాసి, రబ్బరు తగిలాక చేత్తో ముప్పావు తిప్పు. పానా వద్దు.

15డబ్ల్యూ-40 సీఐ-4 తెచ్చుకోండి. 5 లీటర్ల డబ్బాతో మొదలుపెట్టి, చివరి లీటరు కొంచెం కొంచెంగా పోస్తూ డిప్‌స్టిక్ చూసుకోండి. స్టాప్ నాబ్ లాగిపట్టి 10 సెకన్లు సెల్ఫ్ కొట్టండి, గేజు ముల్లు లేచాకే నాబ్ వదిలి స్టార్ట్ చేయండి. ఐదు నిమిషాలు నడిపి ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ మట్టం చూసి పైగీత దాకా నింపండి. లోపల మిగిలిన కాస్త డీజిల్ కోసం ఈ మొదటి ఆయిల్‌ను 1000 కిలోమీటర్లకే మార్చేయండి. మీ మీటరు పనిచేసేదైతే లెక్క అదే, లేకపోతే ట్రిప్పులు లెక్కపెట్టుకోండి. ఆ తర్వాత ఆ దుమ్ము బాటకు 5000 కిలోమీటర్లు, లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది.

కోడూరు 413

మధ్యలో అడుగుతున్నా, జిప్సీ పెట్రోలుకు కూడా ఇదే 15డబ్ల్యూ-40 సీఐ-4 పోయొచ్చా? బైక్ షాపులో 20డబ్ల్యూ-50 చౌకగా ఉంది.

గ్రేడు లెక్క (చిత్తూరు)

జిప్సీకి ఏపీఐ ముద్రలో ఎస్‌తో మొదలయ్యే అక్షరాలు ముందున్నది తీసుకోండి. గ్రేడు 10డబ్ల్యూ-40 లేదా 15డబ్ల్యూ-40. బైకు ఆయిల్ జాసో ఎంఏ రకం, తడి క్లచ్ జారకుండా చేసింది. డీజిల్ జీపుకైతే అసలే వద్దు, మసిని మోసే శక్తి దానికి లేదు.

తోటబాట (తిరుపతి)

పంపు, ఫిల్టరు, 15డబ్ల్యూ-40 అన్నీ అయ్యాయి. అదే బాటలో అదే లోడుతో ఐడ్లింగ్‌లో 12, 2000 దగ్గర 27. లైటు వెలగలేదు. క్లచ్ కింద చుక్క మాత్రం ఉంది.

షెడ్డు మాట (రేణిగుంట)

12, 27 బాగున్నాయి. ఇప్పటికి గ్రేడు కదపొద్దు. గేజు తీయకుండా అలాగే ఉంచండి. మే నెలలో అదే చోట ఐడ్లింగ్ రీడింగు 8 కిందికి దిగితే, ముందు డిప్‌స్టిక్ వాసన మళ్లీ చూడండి. డీజిల్ లేదంటే, ఎక్కువైన ఆయిల్ ప్రెషర్‌ను వదిలే రిలీఫ్ వాల్వు విప్పి స్ప్రింగు, గుండు చూడండి. చిన్న చెత్త ఇరుక్కున్నా ప్రెషర్ జారిపోతుంది. అదీ బాగుంటే అప్పుడు పీలేరు అన్న చెప్పిన 20డబ్ల్యూ-50 పోయండి, సీఐ-4 ముద్ర ఉన్న డీజిల్ ఆయిలే. దానితోనూ 8 రాకపోతే బేరింగులు కొలిపించాల్సిందే. ప్రెషర్ పెంచుతామని అమ్మే ట్రీట్‌మెంట్ సీసాలు పోయొద్దు. అందులో ఎక్కువ భాగం చిక్కబరిచే పాలిమరే, కొన్ని వందల కిలోమీటర్లకు తెగిపోతుంది.

క్లచ్ కింది చుక్కకు గ్రేడుతో పని లేదు. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత విప్పి అరచేయి పెట్టండి. చెయ్యిని నెట్టేంత గాలి వస్తుంటే ముందు ఆ గాలి బయటికి పోవాల్సిన బ్రీదరు పైపు విప్పి లోపలి మడ్డి కడిగించండి. ఆ గాలికి దారి లేకనే క్రాంకు వెనక సీలు దగ్గర ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. బ్రీదరు కడిగాక కూడా నెలకు అర లీటరు పోతుంటే, ఈసారి క్లచ్ ప్లేటు మార్చడానికి గేరుబాక్సు దించినప్పుడు సీలు వేయించుకోండి. దానికోసం ప్రత్యేకంగా దించే అవసరం లేదు.