తైవాన్ బొప్పాయి, స్వీట్ కార్న్, గింజల్లేని పుచ్చకాయ అన్నీ జీఎం అంటున్నారు, పిల్లలకి పెట్టొచ్చా?

తెనాలి_కోడలు:
అందరికీ నమస్తే. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది, బజార్లో దొరికే తైవాన్ బొప్పాయి, స్వీట్ కార్న్, గింజల్లేని పుచ్చకాయ, రాయిలా ఉండే టమాటాలు ఇవన్నీ జీన్లు మార్చినవంట, తింటే ఆ జీన్ మన ఒంట్లోకి వచ్చేస్తదంట, ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవడానికి కూడా ఇదే కారణమంట. అది చూసిన దగ్గర్నుంచి మా అత్తయ్యగారు ఇంట్లో బొప్పాయి బంద్ చేశారు. మా పాపకి ఆరేళ్ళు, అది ఇష్టంగా తినే పండు అదొక్కటే, అరటిపండు చూస్తే పారిపోద్ది. మావారేమో అన్నీ పుకార్లే వదిలెయ్ అంటారు, ఎలా తెలుసు అంటే మాత్రం సమాధానం ఉండదు. బండి అబ్బాయిని అడిగితే "హైబ్రిడ్ అమ్మా, మంచి మాల్" అన్నాడు. హైబ్రిడ్ అన్నా జీఎం అన్నా ఒకటేనా? అసలు మన దేశంలో ఏవి జీఎం, తింటే నిజంగా ఏమన్నా అవుద్దా? లింకులు పెట్టొద్దు ప్లీజ్, నాకర్థమయ్యేట్టు చెప్పండి చాలు.

బాపట్ల_ఏజీ_బ్యాచ్:
ముందు పాపకి బొప్పాయి కోసి పెట్టండి, తర్వాత తీరిగ్గా చదవండి.

హైబ్రిడ్ వేరు, జీఎం వేరు. హైబ్రిడ్ అంటే ఒక రకం పువ్వు మీద ఇంకో రకం పుప్పొడి వేసి విత్తనం తీయడం, అంతే, పొలంలో చేసే పని. తైవాన్ రెడ్ లేడీ అదే. జీఎం అంటే వేరే జీవిలోంచి ఒక జీన్ తీసి ల్యాబ్‌లో మొక్కలోకి ఎక్కించడం. బొప్పాయి మీద ఈ పుకారు ఊరికే పుట్టలేదు, హవాయిలో రింగ్‌స్పాట్ వైరస్ వచ్చి తోటలు నాశనమైపోతుంటే 1998 నుంచి జీఎం బొప్పాయి వేస్తున్నారు, అది నిజం. కానీ మన దేశంలో జీఎం బొప్పాయికి పర్మిషన్ లేదు. గింజల్లేని పుచ్చకాయదైతే లెక్కల మాయ, మామూలు పుచ్చకాయకి 22 క్రోమోజోములు, వాటిని 44 చేసిన మొక్కని మళ్ళీ 22 దాంతో కలిపితే చెరి సగం (22 + 11) వచ్చి 33 అవుతాయి, బేసి సంఖ్య కాబట్టి జతలు కుదరవు, గింజ కట్టదు. స్వీట్ కార్న్ కూడా మొక్కజొన్నలో దానంతటదే వచ్చిన మార్పే.

ఇక జీన్ ఒంట్లోకి రావడం గురించి. మనం తినే ప్రతి కూరలోనూ జీన్లుంటాయమ్మా, గోంగూరలో ఉంటాయి, చేపలో ఉంటాయి, అన్నీ కడుపులో అరిగిపోతాయి. ఇన్ని తరాలుగా గోంగూర తింటున్నాం, ఎవరం పుల్లబడలేదు.

కానీ భయపడేవాళ్ళందరూ వెర్రివాళ్ళు అని మాత్రం అనను. కొత్త జీన్ పెడితే కొత్త ప్రోటీన్ తయారవుతుంది, అది కొందరికి పడకపోవచ్చు. అమెరికాలో ఒక కంపెనీ సోయాలో పోషకం పెంచుదామని బ్రెజిల్ నట్ జీన్ పెట్టింది, ఆ గింజ పడనివాళ్ళ రక్తంతో పరీక్ష చేస్తే ఈ సోయా కూడా పడదని తేలింది, 1996లో ఆ వివరాలు బయటికొచ్చాయి, ఆ సోయా మార్కెట్లోకి రానేలేదు. అంటే పరీక్ష సరిగ్గా చేస్తే దొరుకుతుంది. నా మట్టుకు నాకు జీఎం మంచిదా చెడ్డదా అనేది తలాతోకా లేని ప్రశ్న, ఏ పంట, ఏ జీన్, ఎవరు టెస్ట్ చేశారు అని ఒక్కోదాన్ని విడిగా అడగాలి.

అన్నట్టు మీ వీడియో వాళ్ళు చెప్పంది ఒకటుంది. మన దేశంలో రైతులు పర్మిషన్‌తో వేస్తున్న జీఎం పంట పత్తి ఒక్కటే, 2002 నుంచి. ఆ పత్తి గింజల నుంచి నూనె తీస్తారు, గుజరాత్‌లో ఇళ్ళల్లోనే వాడతారు. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె సంగతీ అంతే, అక్కడి సోయా దాదాపు అంతా జీఎం. రిఫైన్ చేశాక నూనెలో ప్రోటీన్ ఉండీ లేనట్టే కాబట్టి నాకు దిగులు లేదు, కాకపోతే జీఎం కాని బొప్పాయిని పారేసి ఆ నూనెలో బజ్జీలు వేసుకుంటాం, అదీ మన జాగ్రత్త.

ఓరుగల్లు_పత్తి:
అన్న చెప్పింది కరెక్టే గని మా దిక్కు సంగతి గూడ ఇనుండ్రి. మేం బీటీ పత్తి, అంటే పురుగును సంపే జీన్ పెట్టిన జీఎం పత్తి, ఒచ్చినకాంచి అదే పెడ్తున్నం. మా బర్లకు పత్తి చెక్క పెడ్తం, పాలు పితుకుతం, మేమే తాగుతం, మాకైతే ఏం కాలే. 2006ల మా వరంగల్ దిక్కు పత్తి చేన్ల మేసి గొర్లు సచ్చినయని మస్తు లొల్లి అయింది, బీటీ వల్లనే అని కొందరన్నరు, సర్కారోళ్ళు కాదు నైట్రేట్లో పురుగుల మందో అయ్యుంటది అన్నరు. ఎవరి మాట వాళ్ళదే, గొర్లోని నష్టం గొర్లోనికే మిగిలింది. 

నా బాధ వేరే. మొదట్ల కాయతొలిచే పురుగు పోయింది, మందు కొట్టుడు తగ్గింది, నిజం. ఇప్పుడు గులాబి పురుగు బీటీకి అలవాటు పడ్డది, మళ్ళ డబ్బాల కొద్ది మందు. దాని మీద దొంగచాటుగ బీజీ-3 అని అమ్ముతున్నరు, పర్మిషన్ లేని ఇత్తనం, గడ్డిమందు కొడితే గడ్డి సస్తది పత్తి బతుకుతది. కూలోళ్ళు దొరుకుతలేరు కాబట్టి జనం ఎగబడుతున్నరు. జీన్ సంగతేమో గని ఆ మందు కొట్టినప్పుడు ముక్కుకు గుడ్డ గూడ ఉండది మావోళ్ళకు. పట్నంల కూసోని తినేటోళ్ళ సేఫ్టీ అడుగుతరు, కొట్టేటోని సంగతి ఎవరన్న అడుగుతరా?

ముందు_చెప్పి_పెట్టండి:
ఓరుగల్లు అన్నా నూటికి నూరుపాళ్ళు. 2015లో క్యాన్సర్ మీద పనిచేసే ఐఏఆర్‌సీ అనే సంస్థ గ్లైఫోసేట్‌ని, అంటే మీరు చెప్పిన ఆ గడ్డిమందుని, "బహుశా క్యాన్సర్ కారకం" లిస్టులో పెట్టింది, మిగతా సంస్థలు చాలావరకు ఒప్పుకోలేదు అనుకోండి, ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

ఏజీ గారూ, "పరీక్ష సరిగ్గా చేస్తే" అన్నారే, ఆ "సరిగ్గా" దగ్గరే నా పేచీ. బీటీ వంకాయ గుర్తుందా? 2009 అక్టోబర్‌లో జీఎం పంటలకి పర్మిషన్ చూసే ప్రభుత్వ కమిటీ ఓకే చెప్పింది. అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో మీటింగులు పెట్టి, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. ఎందుకంటే టెస్టులు ఎక్కువగా కంపెనీ చేయించుకున్నవే, బయటివాళ్ళు స్వతంత్రంగా చెయ్యలేదు. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుంటే ఎట్లా? బంగ్లాదేశ్‌లో అదే వంకాయ 2014 నుంచి వేస్తున్నారు, తింటున్నారు, కాబట్టి అది విషం అని నేననట్లేదు. అమెరికాలో స్టార్‌లింక్ మొక్కజొన్న పశువుల దాణాకి మాత్రమే అని పర్మిషన్ ఇస్తే 2000లో మనుషులు తినే టాకోల్లో (మొక్కజొన్న రొట్టెల్లాంటివి) తేలింది. అంత వ్యవస్థ ఉన్న చోటే కలిసిపోతే మన మార్కెట్ యార్డులో గోతాలు కలవకుండా ఎవరు కాపలా కాస్తారు?

ఇప్పుడు 2025 మేలో జీనోమ్ ఎడిటింగ్ వరి రెండు రకాలు ప్రకటించారు, రెండూ మన బియ్యమే! సాంబ మసూరిని మార్చి రాజేంద్రనగర్‌లో చేసింది "కమల", మార్టేరు 1010ని మార్చి ఢిల్లీలో చేసింది ఇంకోటి. రోజూ కంచంలో ఉండే అన్నం ఇది. కనీసం బస్తా మీద రాయాలా వద్దా?

బాపట్ల_ఏజీ_బ్యాచ్:
బస్తా మీద రాయాలి, అందులో నాకూ రెండో మాట లేదు. కాకపోతే అందులో బయటి జీన్ లేదు, వరిలో ఉన్న జీన్‌నే చిన్నగా కత్తిరించారు, అలాంటి మార్పు ప్రకృతిలోనూ వస్తుంటుంది, అందుకే 2022లో ఆ రకం ఎడిటింగ్‌కి జీఎం రూల్స్ నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇచ్చారు కాబట్టి ఎవరూ ప్రశ్నించకూడదని కాదు. వంకాయ విషయంలో కూడా కంపెనీ డేటా మీద మీ అనుమానం సబబే, ఆపేశాక ఆ స్వతంత్ర టెస్టులేవో గట్టిగా పట్టుకుని చేయించాల్సింది, అటు అవునని తేల్చలేదు, ఇటు కాదని తేల్చలేదు. ఈలోపు మామూలు వంకాయకి పుచ్చు పట్టకుండా కొట్టే మందుని మనం గుత్తి వంకాయలో పెట్టుకుని తింటున్నాం.

ఫ్రిస్కో_శీను:
లేట్‌గా వచ్చా. ఇక్కడ అమెరికాలో మొక్కజొన్న, సోయా 90 శాతం పైనే జీఎం, 1996 నుంచి తింటున్నారు. 2016లో ఇక్కడి నేషనల్ అకాడమీస్ అనే సైన్సు సంస్థ వాళ్ళు వందల స్టడీలు చూసి, మామూలు తిండి కంటే ఎక్కువ ప్రమాదం ఉన్నట్టు ఆధారం లేదన్నారు. 2022 నుంచి ప్యాకెట్ మీద "బయోఇంజినీర్డ్" అని రాయాలి, కానీ రిఫైన్ చేసిన నూనెలో, పంచదారలో మార్చిన జీన్ దొరక్కపోతే రాయక్కర్లేదని అప్పుడు రూల్ పెట్టారు. మా ఆవిడ మొదట్లో ప్రతి ప్యాకెట్ తిప్పి చూసేది, ఇప్పుడు రేటు మాత్రమే చూస్తోంది.

తెనాలి_కోడలు:
అందరికీ చాలా థ్యాంక్స్. వంటింట్లోకెళ్ళి నూనె ప్యాకెట్ చూశా, సన్‌ఫ్లవర్. అది జీఎం కాదు కదా?

బాపట్ల_ఏజీ_బ్యాచ్:
కాదు. జీఎం సన్‌ఫ్లవర్ మార్కెట్లో ఎక్కడా లేదు.

తెనాలి_కోడలు:
హమ్మయ్య. ఇదంతా అత్తయ్యగారికి చదివి వినిపించా, 22, 44 లెక్క రెండుసార్లు చెప్పించుకున్నారు. ఓరుగల్లు అన్నగారి ముక్కుగుడ్డ దగ్గర మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు, వాళ్ళ నాన్నగారు మిరప చేలో మందు కొట్టేవారంట. ఆఖరికి "సర్లే, జీఎం కాదంటున్నారుగా, కానీ బొప్పాయి వేడి, ఈ ఎండల్లో పిల్లకి పెట్టకు" అన్నారు. దీనికి ఇంకో థ్రెడ్ వెయ్యనా?